రద్దయింది సరే, పైసలు ఎవరికి ముట్టినయ్? – యూరప్ చరిత్ర పాఠం మీద కొన్ని ప్రశ్నలు

ఎం.ఏ.లో చరిత్రో రాజనీతి శాస్త్రమో చదివిన మన పిల్లల్ని ఎవరినైనా ఆపి, 1789 ఆగస్టు 4 రాత్రి ఏం జరిగిందని అడగండి. నిద్రలో లేపి అడిగినా చెప్తారు: ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీ భూస్వామ్యాన్ని రద్దు చేసింది. ప్రభువులు ఒకరి వెంట ఒకరు లేచి తమ హక్కుల్ని తామే వదులుకున్నారని, సభ అంతా ఆనందబాష్పాలతో తడిసిందని కలిపి రాస్తే ఇంకో రెండు మార్కులు పడతాయి. అడిగేవాళ్లకూ రాసేవాళ్లకూ దిద్దేవాళ్లకూ అలవాటైపోయిన ప్రశ్న ఇది.

ఆ రాత్రి మాటల్ని అసెంబ్లీ వారం రోజులు కూర్చొని డిక్రీగా రాసుకుంది. రాసేటప్పుడు ఒక మెలిక పెట్టింది. మనిషి ఒంటికి తగిలించిన దాస్యానికి సంబంధించిన హక్కులు ఊరికే పోతాయి. భూమి మీద ప్రభువుకు వచ్చే శిస్తులు మాత్రం ఊరికే పోవు, రైతు వాటిని కొనుక్కోవాలి. ఎంతకు కొనుక్కోవాలో 1790 మే 3న తేల్చారు. డబ్బు రూపంలో కట్టేదైతే ఏడాది శిస్తుకు 20 రెట్లు, ధాన్యం రూపంలో కట్టేదైతే 25 రెట్లు. ఆ మొత్తం కట్టేదాకా పాత శిస్తు పాతలాగే సాగుతుంది. రద్దయిందని పండగ చేసుకున్న రైతుకు రద్దు ధర ఎంతో తొమ్మిది నెలల తర్వాత తెలిసిందన్నమాట. కట్టం పొమ్మన్నారు. ఊరూరా మొండికేశారు. 1792 ఆగస్టుకు వచ్చేసరికి అసలు పత్రం చూపించి హక్కు రుజువు చేసుకునే పని ప్రభువు మీదనే పెట్టాల్సి వచ్చింది. 1793 జూలై 17న కన్వెన్షన్ పైసా పరిహారం లేకుండా మొత్తం కొట్టేసి, ఆ హక్కు పత్రాలను తగలబెట్టమని చెప్పింది.

మేం చదువుకున్న పాఠంలో 1789 ఆగస్టు 4 ఉంది. 1793 జూలై 17 లేదు. ప్రభువుల ఉదారత ఉంది. నాలుగేళ్ల రైతుల మొండితనం లేదు. ఆగస్టు 4 నాటి ఆ ఉదారత కూడా ఎక్కడినుంచి పుట్టిందో చూడాలి. అంతకుముందు రెండు మూడు వారాలుగా పల్లెల్లో జనం ప్రభువుల కోటల మీద పడుతున్నారు. చాలాచోట్ల వాళ్లు వెతికింది శిస్తు లెక్కల పుస్తకాల కోసం, దొరికితే కాల్చడం కోసం. 1946-51 సాయుధ పోరాటంలో గడీల మీద పడి అప్పు కాగితాలు తగలబెట్టిన సంగతి విని పెరిగిన తెలంగాణ పిల్లలకు ఈ ముక్క చెప్తే వివరించాల్సిన పని ఉండదు. ఆ ముక్క మాత్రం చెప్పరు. 'మహాభయం' అని ఒక శీర్షిక పెట్టి దాటిపోతారు. ఎవరి భయం, ఎవర్ని చూసి భయం?

ఈ వ్యాసం 'రద్దు' అనే ఆ మాట గురించే. యూనివర్సిటీలో చెప్పే ఆధునిక యూరప్ చరిత్ర నిండా రద్దులే. ఫ్రాన్స్‌లో భూస్వామ్యం రద్దు, ప్రష్యాలో అర్ధబానిసత్వం రద్దు, బ్రిటన్‌లో బానిసత్వం రద్దు, రష్యాలో మళ్లీ అర్ధబానిసత్వం రద్దు. ఒక్కోదానికి ఒక్కో తేదీ, ఒక్కో మహానుభావుడు. ప్రతి రద్దు దగ్గరా ఆగి ఒక మోటు ప్రశ్న వేద్దాం: పైసలు ఎవరికి ముట్టినయ్? వెట్టి చేసినోడికా, చేయించుకున్నోడికా?

ఈ ప్రశ్న నాకు గొప్ప పుస్తకాలు చదివితే వచ్చింది కాదు. మా తాత వెట్టి చేసిండు, మా నాయిన దొర దగ్గర జీతం ఉన్నడు. మా ఇంట్ల డిగ్రీ చదివినోణ్ని, యూనివర్సిటీ గేటు లోపలికి పోయినోణ్ని నేనే మొదలు. 'రద్దయింది' అని సారు బోర్డు మీద రాస్తే, జీతం మానుకున్నాక మా నాయిన చేతికి ఏమొచ్చిందన్న లెక్క మనసులో ఆటోమేటిక్‌గా నడుస్తది. క్లాసులో ఒకసారి అడిగితే, "అది ఎకనామిక్స్ వాళ్లు చూసుకుంటారు" అన్నారు. నలుగురూ నవ్వారు. పేరు పెట్టి చెప్పుకోవాల్సినంత పెద్ద సంగతి కాదది. ఏ యూనివర్సిటీలోనైనా జరిగేదే. కాకపోతే ఆ జవాబులో ఒక సిద్ధాంతం ఉంది. చరిత్ర అంటే హక్కుల కథ, డబ్బు వేరే డిపార్ట్‌మెంటు. నా గొడవ ఆ సిద్ధాంతంతోనే.

ప్రష్యా సంగతి తొందరగా చూద్దాం, ఇది మనకు బాగా దగ్గర. 1807 అక్టోబర్ శాసనం రైతును ప్రభువు దాస్యం నుంచి విడిపించింది. పాఠంలో ఇది స్టైన్ సంస్కరణ, జర్మనీ పునరుజ్జీవనానికి పునాది. 1811లో వచ్చిన శాసనం ప్రకారం రైతు తన చేతిలో ఉన్న భూమి తనదే కావాలంటే అందులో మూడో వంతు ప్రభువుకు వదలాలి. వంశపారంపర్య హక్కు లేని రైతు అయితే సగం వదలాలి. 1816లో ఇంకో సవరణ తెచ్చి, అరక కట్టేంత పశువులున్న కమతాలకే ఈ వసతి అన్నారు. అరక లేనోడు, గుడిసె, గుంటెడు జాగా మాత్రమే ఉన్నోడు లెక్కలోకే రాలేదు. వాళ్లే తర్వాత యుంకర్ల ఎస్టేట్లలో కూలీలయ్యారు. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టంలో 'రక్షిత కౌలుదారు' ఎవరో, ఆ రిజిస్టరులో పేరు ఎక్కని జీతగాడు ఎవరో తెలిసిన విద్యార్థి ఈ 1816 సవరణను ఒక్క నిమిషంలో పట్టుకోగలడు. 'దున్నేవాడిదే భూమి' అన్నప్పుడు నాగలి మేడి పట్టినోడు ఒకడు, కాగితంలో దున్నినోడు ఇంకొకడు. ఈ పోలిక చెప్పి ఉంటే మాకు ప్రష్యా కంఠస్థం పట్టాల్సిన పేజీగా మిగిలేది కాదు.

ఇక బ్రిటన్. 1833 బానిసత్వ రద్దు చట్టం పాఠంలో మానవతావాదం కింద వస్తుంది. విల్బర్‌ఫోర్స్ పేరు, క్రైస్తవ మనస్సాక్షి, పార్లమెంటరీ సంస్కరణల యుగం. ఆ చట్టం బానిస యజమానులకు 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఆనాటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో ఇది సుమారు 40 శాతం. దీని కోసం చేసిన అప్పు చివరి బాకీ 2015లో తీరింది. అంటే కరీబియన్ నుంచి లండన్‌కు వలసపోయి పన్ను కట్టిన నల్ల కార్మికుడు కూడా తన ముత్తాత యజమానికిచ్చిన పరిహారం వాయిదాలు కట్టాడన్నమాట. విముక్తులైన ఎనిమిది లక్షల మందికి ఒక్క పెన్నీ రాలేదు. రాకపోగా 'అప్రెంటిస్' అని పేరు పెట్టి వాళ్లచేత అదే యజమాని దగ్గర వారానికి 45 గంటల దాకా జీతం లేకుండా పని చేయించుకునే వీలు కల్పించారు. 1838లో గానీ అది పోలేదు. బానిసగా ఉన్నందుకు బానిసే నష్టపరిహారం చెల్లించాడు, చెమట రూపంలో.

మన సిలబస్‌లో గ్లాడ్‌స్టన్ ఉంటాడు. ఉదారవాది, ఐర్లండ్‌కు హోమ్‌రూల్ ఇవ్వబోయిన పెద్దమనిషి. ఆయన తండ్రి జాన్ గ్లాడ్‌స్టన్ సుమారు 2,500 మంది బానిసలకు గాను లక్ష పౌండ్లకు పైగా పరిహారం తీసుకున్నాడు. బానిసలు పోతే పని ఎవరు చెయ్యాలి? 1838లో ఆయన ఏర్పాటు మీదనే కలకత్తా నుంచి రెండు ఓడల్లో భారతీయ కూలీలు బ్రిటిష్ గయానాకు పోయారు. అంటే ఒకే కుటుంబం లెక్కల పుస్తకంలో నల్ల బానిస, మన కూలీ పక్కపక్క పేజీల్లో ఉన్నారు. గ్లాడ్‌స్టన్ వారసులు 2023లో గయానాకు పోయి క్షమాపణ చెప్పారు. కోరంగి, విశాఖ రేవుల నుంచి మారిషస్ పోయిన తెలుగోళ్ల కథ కూడా ఈ పేజీలోదే. 1833 చట్టం కింద మారిషస్ యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా ముట్టింది. తర్వాత అక్కడి చెరుకు తోటల్లోకి దిగినవాళ్లలో తెలుగోళ్లున్నారు. రేవు పేరు మీద అక్కడ వాళ్లను 'కోరంగి' అనేవాళ్లు. 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మన దేశానికి వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. 'బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయింది' అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న తెలుగు విద్యార్థికి, ఆ వాక్యంలో తన ఊరు లేదని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడిదాకా చెప్పింది పాఠం సగం చెప్పి వదిలేసిన సంగతులు. హైతీ దగ్గరికొస్తే సగం కూడా లేదు.

ఫ్రాన్స్ వలసల్లో అన్నిటికంటే ఎక్కువ సంపద పండించిన సాన్ డొమాంగ్ దీవిలో 1791 ఆగస్టులో బానిసలు తిరగబడ్డారు. అప్పటికి అక్కడ బానిసలు సుమారు 5 లక్షలు. మానవ హక్కుల ప్రకటన చేసి రెండేళ్లయింది. 'మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛాజీవులు' అని ఒప్పుకున్న పారిస్‌కు, చక్కెర పండించేవాళ్లు మనుషులవునా కాదా అన్నది అప్పటిదాకా తేలని విషయం. దాన్ని పారిస్ తేల్చలేదు, బానిసలు తేల్చారు. దీవిలో బానిసత్వం తిరుగుబాటు దెబ్బకు కూలిపోయాక, 1794 ఫిబ్రవరి 4న కన్వెన్షన్ ఆ రద్దును చట్టం చేసింది. 1802లో నెపోలియన్ మళ్లీ బానిసత్వాన్ని తెచ్చాడు. టూసాన్ లూవెర్తూర్‌ను మోసంతో పట్టి ఫ్రాన్స్ కొండల్లోని కోటలో పెడితే 1803 ఏప్రిల్‌లో అక్కడే చనిపోయాడు. డెసాలిన్ నాయకత్వంలో నెపోలియన్ సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది. బానిసలు గెలిచి రాజ్యం కట్టుకున్న విప్లవం ఆధునిక చరిత్రలో ఇదొక్కటే. మరి పైసలు? 1825లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నాడు. పాత తోటల యజమానులకు నష్టపరిహారమట. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. అది కట్టడానికి హైతీ ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే అప్పు చేసింది. ఆ అప్పుల తోక 1947 దాకా సాగింది.

ఎం.ఏ. రీడింగ్ లిస్టుల్లో దశాబ్దాలుగా ఉన్న పుస్తకం ఎరిక్ హాబ్స్‌బామ్ 1962లో రాసిన 'ది ఏజ్ ఆఫ్ రివల్యూషన్'. 1789 నుంచి 1848 దాకా. హాజెన్, కెటెల్బీ పుస్తకాల్లో రాజుల పెళ్లిళ్లు, యుద్ధాలు, ఒడంబడికలు చదివి విసిగినోళ్లకు ఇది గాలి వెలుతురు ఇచ్చిన పుస్తకం. నాకూ ఇచ్చింది. ఫ్రెంచి విప్లవాన్ని, బ్రిటిష్ పారిశ్రామిక విప్లవాన్ని ఒక జంటగా చూపించి, రాజకీయం కింద ఆర్థికం ఎట్లా కదులుతుందో చెప్పాడు. భూమి మీద ఒక అధ్యాయమే రాశాడు. ప్రష్యా రైతు భూమి ఎట్లా పోయిందో నేను మొదట సరిగ్గా అర్థం చేసుకున్నది అక్కడే. అట్లాంటి మనిషి, జీవితాంతం కమ్యూనిస్టుగా ఉన్న చరిత్రకారుడు, పేరులోనే విప్లవం ఉన్న పుస్తకంలో హైతీని అక్కడక్కడ ఒకటి రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఈ సంగతిని హైతీలో పుట్టిన మిషెల్-రోల్ఫ్ త్రుయో 1995లో 'సైలెన్సింగ్ ద పాస్ట్' పుస్తకంలో వేలెత్తి చూపించాడు. హైతీ గురించి తెలియకపోవడం వల్ల ఇది జరగలేదు. సి.ఎల్.ఆర్. జేమ్స్ 'ది బ్లాక్ జాకోబిన్స్' 1938లోనే లండన్‌లో అచ్చయింది. జేమ్స్ కూడా మార్క్సిస్టే. మరి ఎందుకు? జంట విప్లవాల చట్రంలో ఒకటి పారిస్, రెండోది మాంచెస్టర్. మాంచెస్టర్ మిల్లుకు పత్తి పండించినోడు, పారిస్ కాఫీలోకి చక్కెర తీసినోడు ఆ చట్రానికి ముడిసరుకు సరఫరా చేసే చేతులుగా కనపడతారు. రాజకీయం చేసే మనుషులుగా కనపడరు. కూలి తీసుకునేవాడే విప్లవకారుడు. కూలి కూడా లేకుండా చేసేవాడు 'వెనకబడిన రూపం'. దీన్ని మనోళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. వర్గం ముందు, కులం తర్వాత అని మన వామపక్ష మిత్రులు కారంచేడు (1985), చుండూరు (1991) దాకా చెప్పిన పాఠం ఈ చట్రంలోదే.

హాబ్స్‌బామ్‌ను సిలబస్ నుంచి తీసెయ్యాలని నేను అనడం లేదు. పక్కన జేమ్స్‌ను పెట్టమంటున్నాను. ఒక పేపరులో పక్కపక్కనే రెండూ చదివించి, ఒకే సంఘటన రెండు మార్క్సిజాలకు రెండు రకాలుగా ఎందుకు కనపడిందో రాయమంటే, ఆ జవాబు రాసిన విద్యార్థికి రీసెర్చ్ అంటే ఏంటో విడిగా నేర్పక్కర్లేదు.

రష్యా దగ్గర ఇంకో చిక్కు, అది భాష చిక్కు. 1861లో రెండో అలెగ్జాండర్ సెర్ఫులను విముక్తి చేశాడు. రెండు కోట్లకు పైగా మనుషులు. భూస్వామి వదులుకున్న భూమికి ప్రభుత్వం ముందుగా డబ్బు చెల్లించింది. ఆ డబ్బును రైతు 49 ఏళ్ల పాటు వాయిదాల్లో ప్రభుత్వానికి కట్టాలి. అది కూడా అంతకుముందు తను దున్నుకుంటున్న భూమిలో చాలాచోట్ల కొంత కోత పెట్టి మిగిల్చిందానికి. 1905 విప్లవం వచ్చి పడ్డాక గానీ ఈ వాయిదాలు రద్దు కాలేదు. 1907 నుంచి ఆగినయ్. మేం చదివిన తెలుగు మీడియం నోట్సుల్లో ఈ వాయిదాలకు 'విమోచన చెల్లింపులు' అని పేరు. ఆ మాట చదివిన పల్లెటూరి పిల్లకు ఏమర్థమైతది? విమోచనం అయినందుకు రైతుకు సర్కారు ఏదో చెల్లించిందని. సరిగ్గా తలకిందుల అర్థం. 'విడుదల కావటానికి రైతే కట్టిన కిస్తీలు' అని రాస్తే పోయేది. 'సెర్ఫ్'కు 'అర్ధబానిస' అన్నారు. ఏది అర్ధం, ఏది పూర్తి? మనకు వెట్టోడు, జీతగాడు, పాలేరు, బేగారి అని ఇన్ని మాటలున్నయ్. ఒక్కోదానికి ఒక్కో కట్టుబాటు, ఒక్కో లెక్క. సెర్ఫ్ వీళ్లలో ఎవరికి దగ్గర, ఎక్కడ తేడా అని చర్చ పెడితే అది పాఠం అయితది. ఆ మాటలు ఊళ్ల మాటలని, యూనివర్సిటీ మాటలు కావని అనువాదకుడు అనుకున్నాడు. తెలుగు మీడియంలో యూరప్ చరిత్ర కష్టం అంటారు గదా, కష్టం యూరప్‌ది కాదు.

రాజనీతి శాస్త్రం పేపర్లో కూడా ఇదే తంతు. 1789 ఆగస్టు 26 మానవ హక్కుల ప్రకటన గురించి ఒక యూనిట్ ఉంటుంది. అదే డిసెంబరులో అదే అసెంబ్లీ పౌరుల్ని 'క్రియాశీల', 'నిష్క్రియ' అని రెండుగా చీల్చింది. మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టే మగవాళ్లకే ఓటు. ఇళ్లల్లో పనిచేసే నౌకర్లకు అసలే లేదు. యజమాని ఇంట్లో తింటాడు కాబట్టి సొంత బుద్ధి ఉండదట. ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఒలింప్ ద గూజ్ 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసింది, 1793 నవంబరులో గిలటిన్ కింద తల పోగొట్టుకుంది. జీతగాడికి సొంత బుద్ధి ఉండదన్న మాట మనకు కొత్త కాదు. పంచాయతీ ఎన్నికల్లో ఇప్పటికీ వినపడే మాటే.

ఈ రద్దుల వరసను పట్టుకొని మన దగ్గరికొస్తే ఏం కనపడుతుంది? 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఆంధ్ర ప్రాంతంలో జమీందారీలను రద్దు చేసింది. జమీందారుకు ఏడాది ఆదాయం మీద ఇన్ని రెట్లు అని లెక్కగట్టి పరిహారం ఇచ్చింది. 1790 ఫ్రాన్స్ లెక్కకూ దీనికీ ఉన్న చుట్టరికం చూడండి. హైదరాబాదులో 1949లో జాగీర్లు రద్దయినయ్, జాగీర్దార్లకు ఏళ్ల తరబడి సొమ్ము చెల్లించారు. సంస్థానాధీశుల రాజభరణాలు 1971 దాకా నడిచినయ్. ఆ జాగీర్లల్లో, ఆ ఎస్టేట్లల్లో తరతరాలు వెట్టి చేసిన మాల మాదిగలకు, మంగలి చాకలి కుమ్మరులకు ఆ చట్టాల్లో ఏ రెట్టింపూ రాయలేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అంటరానితనం వల్ల దక్కని కూలికి లెక్క కట్టమని అది చెప్పలేదు. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ఒక విషయంలో యూరప్ రద్దులన్నిటికంటే మెరుగు, ఆ మాట ఒప్పుకోవాలి. అది జీతగాడి అప్పునే కొట్టేసింది, యజమానికి పైసా ఇవ్వలేదు. 1793 జూలై దారి అది. ఆ తర్వాత 1978లో విడుదలైన జీతగాడికి 4,000 రూపాయల దాకా ఇచ్చే పథకం పెట్టారు. దాని పేరు పునరావాస సహాయం. దొరకు ఇచ్చింది పరిహారం, మనకు ఇచ్చింది సహాయం. ఆ మాటలోనే ఉంది తేడా అంతా. పరిహారం హక్కు. సహాయం దయ. రిజర్వేషన్, ఫెలోషిప్, హాస్టల్ మెస్ బిల్లు అన్నీ ఇదే దయ ఖాతాలో రాసి, ఇంకెన్నాళ్లు అని అడుగుతున్నారు. మారిషస్ తోటల యజమానిని, జాగీర్దారును ఇంకెన్నాళ్లు అని ఎవరూ అడగలేదు. 2015 దాకా కట్టారు.

యూరప్ పాఠం సరిగ్గా చెప్తే మన విద్యార్థి చేతికొచ్చే ఆయుధం ఇది. అందుకే ఈ పేపరును మనం వదులుకోకూడదు అంటున్నాను. వదులుకోమనే వాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఒకరు, విదేశీ చరిత్ర మనకెందుకు, మన ప్రాచీన వైభవం చాలు అనేవాళ్లు. వాళ్ల వైభవంలో మన స్థానం ఏంటో తెలుసు కాబట్టి అక్కడ ఆగక్కర్లేదు. రెండోవాళ్లతో మాట్లాడాలి. జ్ఞానోదయం, హేతువు, పౌరసత్వం ఇవన్నీ యూరప్ తన అనుభవాన్ని ప్రపంచమంతటికీ కొలమానం చేసి రుద్దిన భావాలని చెప్పే సిద్ధాంతం ఒకటి 1990ల నుంచి మన యూనివర్సిటీల్లో గట్టిగా నడుస్తోంది. దీపేశ్ చక్రవర్తి 2000లో రాసిన 'ప్రొవిన్షియలైజింగ్ యూరప్' దాని పెద్ద పుస్తకం. యూరప్ కొలమానంతో అందర్నీ కొలవొద్దన్న మాట వరకు సరే. కాని సమానత్వం యూరప్ రుద్దిన మాట అనే ముందు ఆ మాటను సాన్ డొమాంగ్ బానిసలు ఎట్లా లాక్కున్నారో చూడాలి. పారిస్ దాన్ని వాళ్లకు ఇవ్వలేదు, వాళ్ల దగ్గర దాచింది. మూడు తరాలు ఇంగ్లీషు చదివి జ్ఞానోదయం ఫలం తిన్న ఇంటోళ్లు, మొదటి తరం గేటు దగ్గరికి రాగానే ఆ పండు చెడిపోయిందని చెప్తే అనుమానం రాకుండా ఎట్లుంటది?

ఫూలే ఆ అనుమానం పడలేదు, మొహమాటమూ పడలేదు. 1873లో 'గులాంగిరి' రాసి, నీగ్రో బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చాడు. అంబేడ్కర్ 1913లో కొలంబియాకు పోయినప్పుడు ఆయనకు పాఠం చెప్పినవాళ్లలో జేమ్స్ హార్వీ రాబిన్సన్ ఒకరు. యూరప్ చరిత్ర ఆచార్యుడు. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే కాదని, మామూలు మనుషుల బతుకు, ఆలోచన కూడా అందులోకి రావాలని వాదిస్తూ అంతకు ముందు ఏడాదే, 1912లో, 'ది న్యూ హిస్టరీ' అచ్చువేసినవాడు. డ్యూయీ పేరు అందరూ చెప్తారు. రాబిన్సన్ పేరు ఎవరూ చెప్పరు. అంబేడ్కర్ తన గొప్ప గురువుల్లో ఆయన్నీ లెక్కపెట్టుకున్నాడు. ఆ చదువు ఎక్కడికి పోయిందో 1936 'కుల నిర్మూలన' చదివితే కనపడుతుంది. లాహోర్ సభ కోసం రాసి, చదవనివ్వని ఆ ఉపన్యాసంలో రోములో ప్లెబియన్లు ఉన్నారు, లూథర్ ఉన్నాడు, ఇంగ్లండ్ ప్యూరిటన్లు ఉన్నారు, ఐర్లండ్ హోమ్‌రూల్ గొడవ ఉంది, రాజ్యాంగం గురించి లాసాల్ ప్రష్యాలో చెప్పిన మాట ఉంది. ఇవేవీ పరీక్ష కోసం పేర్చిన తేదీలు కావు. అన్నిటినీ ఒకే ప్రశ్న అడిగాడు: సామాజిక విప్లవం రాకుండా రాజకీయ విప్లవం నిలబడిందా? యూరప్ ఆయనకు సాక్షి, గురువు కాదు. 1954లో రేడియోలో మాట్లాడుతూ స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం తాను ఫ్రెంచి విప్లవం నుంచి తీసుకోలేదు, బుద్ధుడి దగ్గర తీసుకున్నానన్నది కూడా ఆ వరసలోదే. సాక్షిని ఎంత నమ్మాలో ఆయనకు తెలుసు.

అట్లని ఆయన పిలిచిన సాక్షుల్ని మనం మళ్లీ అడగకూడదని కాదు. లూథర్ మత సంస్కరణ యూరప్ ప్రజల రాజకీయ విముక్తికి ముందుమాట అని 'కుల నిర్మూలన' వాదం. కాని 1525లో జర్మన్ రైతులు అర్ధబానిసత్వం పోవాలని పన్నెండు కోర్కెలు రాసుకొని లేచినప్పుడు, లూథర్ ప్రభువుల పక్షాన నిలబడి ఆ రైతుల్ని అణచెయ్యమని కరపత్రం రాశాడు. దేవుడి ముందు సమానం, దొర ముందు కాదు. మత సంస్కరణ ఒక్కటే చాలదని చెప్పడానికి ఈ సాక్ష్యం మనకు పనికొస్తుంది, ముఖ్యంగా మన పేటల్లోని చర్చిల గురించి మాట్లాడుకునేటప్పుడు. అంబేడ్కర్‌ను ఇట్లా చదివితే కొందరు మిత్రులకు కోపం వస్తది. కుర్చీలో కూర్చోబెట్టి దండేసే పద్ధతి ఆయన చదువు పద్ధతి కాదు.

చివరగా ఒక పని గురించి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో చరిత్రకారులు 2009 నుంచి 1833 పరిహారం రికార్డులన్నీ తీసి, ఏ యజమాని ఎంతమంది బానిసలకు ఎంత తీసుకున్నాడు, ఆ డబ్బుతో ఏ రైలు కంపెనీలో, ఏ బ్యాంకులో, ఏ బంగళాలో పెట్టాడు అని పేరుపేరునా పట్టిక కట్టారు. 2013 నుంచి దాన్ని ఎవరైనా చూడొచ్చు. నలభై వేలకు పైగా క్లెయిములు. జమీందారీ, జాగీరు పరిహారాల మీద మనం ఇట్లాంటి పని మొదలుపెట్టాలి. పిహెచ్‌డి అంశం కోసం తిరుగుతున్న మన పిల్లలు ప్రతి ఏడూ కనపడతారు. మళ్లీ ఒక నవలా, ఒక నాయకుడి జీవితం తీసుకొని వెళ్లిపోతారు. ఒక్క జాగీరు తీసుకోండి. 1949 తర్వాత ఆ కుటుంబానికి ఎంత సొమ్ము ముట్టింది, ఆ సొమ్ము ఏ రైసు మిల్లులో, ఏ సినిమా హాలులో, హైదరాబాదులో ఏ ప్లాటులో తేలింది, అదే ఊళ్లో వెట్టి చేసిన ఇండ్ల పిల్లలు ఆ ఇరవై ఏళ్లలో ఎక్కడికి పోయారు, బొంబాయి మిల్లుకా, సింగరేణి బావికా, ఇంకో దొర కిందికా. మొదటి సగానికి సర్కారు కాగితాలు వెతకాలి. రెండో సగానికి కాగితాలుండవు, డెబ్భై ఎనభై దాటిన మన అవ్వలు, తాతలు ఉన్నారు. టేపు పెట్టి రాసుకోవాలి, ఈ పనికి ఇంకో పదేళ్ల టైం మనకు లేదు.